తాటిచెట్టు నుంచి సీసా దాకా: మద్యం లోకంలో వింతలు, విశేషాలు

తమిళనాడులోని కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు వెళ్లే దారి పొడవునా నల్లరేగడి చేలు, చేల మధ్య తాటిచెట్లు. కరిసల్ అని పేరున్న ఈ నేల మీద ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా బతుకుతున్నాయి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో అలాంటి తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ 1991లో తమిళ రచనకు సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. బీరు అంటే ఏమిటి, బ్రాందీ అంటే ఏమిటి అని కొత్తగా తెలుసుకోవాలనుకునేవారికి ఈ ప్రాంతమే మంచి బడి. ప్రపంచంలోని ప్రతి మద్యానికీ మూలమైన సూత్రం ఇక్కడి తాటిచెట్టు మీదే కనిపిస్తుంది.

చెట్టు దిగేలోపే పులుపు

పులియడంలో తాటికల్లుకున్నంత తొందర చాలా తక్కువ పానీయాలకు ఉంది. తాటిచెట్టు వంద అడుగుల దాకా పెరుగుతుంది. గీసేవారు రోజుకు రెండుసార్లు ఎక్కి, పూగెల కొనను పలచగా చెక్కి, కింద కుండ కడతారు. బొట్లుబొట్లుగా పడే ఆ తీపి నీటికి గాలిలోని ఈస్ట్ తోడైతే రెండు మూడు గంటల్లోనే నూటికి నాలుగు పాళ్ల దాకా ఆల్కహాల్ తయారవుతుంది. అదే కల్లు.

కుండ లోపల ముందే సున్నం పూస్తే మాత్రం కథ మారిపోతుంది. సున్నపు క్షారానికి ఈస్ట్ పెరగలేదు, నీరు తియ్యగానే ఉంటుంది. తమిళులు దాన్ని పదనీర్ అంటారు, మనం నీరా అంటాం. చెట్టు అదే, చెక్కు అదే, కుండ అదే. చిటికెడు సున్నం ఒక్కటే తేడా. పదనీర్‌ను కాస్తే కరుప్పట్టి, అంటే తాటిబెల్లం. కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి జిల్లాలోనే ఉడన్‌గుడి అనే ఊరు ఉంది. తాటిబెల్లానికి ఆ ఊరు పెట్టింది పేరు.

వ్యవసాయానికి ముందే

ఇజ్రాయెల్‌లోని రకేఫెత్ గుహలో రాతి రోళ్ల మీద సుమారు 13,000 ఏళ్ల నాటి బీరు ఆనవాళ్లు దొరికాయని 2018లో పరిశోధకులు ప్రకటించారు. అప్పటికి మనిషి ఇంకా సేద్యమే మొదలుపెట్టలేదు. చైనాలోని జియాహు గ్రామపు కుండల్లో బియ్యం, తేనె, పళ్లు కలిపి పులియబెట్టిన పానీయం జాడలు 9,000 ఏళ్ల నాటివి. ద్రాక్షసారాయంలో పెద్దన్న జార్జియా దేశం. అక్కడి వైన్ జాడల వయసు 8,000 ఏళ్లు. నేటికీ నడుస్తున్న బీరు కర్మాగారాల్లో అతి పాతదిగా పేరున్నది జర్మనీలోని వైహెన్‌స్టెఫాన్. దాని చరిత్ర 1040 నుంచి చెబుతారు.

రెండే కులాలు: పులిసినవి, కాచినవి

మద్యాలకు పేర్లు ఎన్ని ఉన్నా కులాలు రెండే. మొదటిది పులిసినవి. మొలకెత్తించిన బార్లీ నీళ్లు పులిస్తే బీరు, ద్రాక్షరసం పులిస్తే వైన్, తాటినీరు పులిస్తే కల్లు. ఇక్కడ ప్రకృతి ఒక హద్దు గీసింది. ఆల్కహాల్ 15 శాతం దగ్గరికి వచ్చేసరికి తాను చేసిన మత్తులోనే ఈస్ట్ చచ్చిపోతుంది. ఈ హద్దు దాటిన మేటి జపాన్ సాకే. బియ్యంతో చేసే ఈ పానీయం బట్టీ ఎక్కకుండానే 20 శాతం దాకా చేరగలదు.

రెండోది కాచినవి. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, నీటికి నూరు కావాలి. పులిసినదాన్ని కాచి, ముందుగా లేచిన ఆవిరిని చల్లబరిస్తే ఘాటు పెరుగుతుంది. వైన్‌ను కాస్తే బ్రాందీ, ధాన్యపు పులుపును కాచి చెక్క పీపాల్లో నిలవబెడితే విస్కీ, చెరకు మడ్డిని పులియబెట్టి కాస్తే రమ్. వోడ్కాకు గోధుమ, రై లేదా బంగాళాదుంప, జిన్‌కు జునిపర్ కాయల వాసన. గోవా ఫెనీకి జీడిమామిడి పండు, మన మన్యంలో ఇప్పసారాకు ఇప్పపూలు. ప్రపంచంలో అత్యధికంగా తాగే కాచిన మద్యం మాత్రం ఇవేవీ కాదు. జొన్నలతో చేసే చైనా బైజియు.

ఘాటులో, ఖరీదులో

పోలండ్ వారి స్పిరిటస్‌లో 96 శాతం ఆల్కహాలే. మామూలు బట్టీతో అంతకు మించి లాగడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే ఆ చివరి నీటిబొట్లు ఆల్కహాల్‌తో కలిసే ఆవిరవుతాయి. వేలం ఖరీదులో రికార్డు మెకాలన్ 1926 విస్కీది. 60 ఏళ్లు పీపాలో ఉన్న ఆ సరుకు నుంచి 40 సీసాలే వచ్చాయి. 2023 నవంబరులో లండన్ వేలంలో ఒక్క సీసా 21 లక్షల పౌండ్లు దాటింది.

సీసా మీది వింత అంకె

మన దేశంలో విస్కీ, బ్రాందీ సీసాల మీద సాధారణంగా కనిపించే అంకె 42.8 శాతం. ఇది బ్రిటిష్‌వారి ‘ప్రూఫ్’ కొలత వదిలి వెళ్లిన గుర్తు. వారి లెక్కలో 100 ప్రూఫ్ అంటే 57.1 శాతం, అందులో ముప్పావు వంతు 42.8.

కొత్తవారు తప్పక తెలుసుకోవాల్సిన లెక్క మరొకటి ఉంది. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో అసలు ఆల్కహాల్ సుమారు 26 మి.లీ. 650 మి.లీ. బీరు సీసాలో 5 శాతమే అయినా 32 మి.లీ. పైనే. 8 శాతం స్ట్రాంగ్ బీరైతే 52, అంటే రెండు పెద్ద పెగ్గులు. ‘బీరే కదా’ అన్న మాటకు ఈ లెక్కే సమాధానం.

కల్లుతో కదిలిన ప్రభుత్వాలు

అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాని రాజాజీ 1937 అక్టోబరు 1న సేలంలో మద్యనిషేధం తెచ్చారు. పోయిన ఆదాయం పూడ్చడానికి 1939లో దేశంలోనే మొదటి సాధారణ అమ్మకపు పన్ను మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టింది. ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వం 1948లో నిషేధాన్ని రాష్ట్రమంతటికీ విస్తరించింది. తర్వాత పగ్గాలు పట్టిన రాజపాళయం తెలుగుబిడ్డ పి.ఎస్. కుమారస్వామి రాజా, 1954 నుంచి 1963 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న విరుదునగర్ కామరాజ్ ఇద్దరూ దాన్ని కొనసాగించారు. ఇద్దరిదీ నేటి విరుదునగర్ జిల్లాయే. ఆంధ్రలో ఇదే నిషేధం వివాదమై 1954లో ప్రకాశం పంతులు ప్రభుత్వాన్ని ఒక్క ఓటు తేడాతో కూల్చింది.

తమిళనాట 1971లో ఆ నిషేధం ఎత్తేశారు, మళ్లీ పెట్టారు, మళ్లీ ఎత్తేశారు. 1977లో విరుదునగర్ జిల్లాలోని అరుప్పుకోట్టై నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎం.జి.ఆర్. హయాంలోనే 1983లో ప్రభుత్వ మద్యం సంస్థ టాస్మాక్ వచ్చింది. ఆయన హయాంలోనే 1987 జనవరి 1 నుంచి కల్లు నిషిద్ధమైంది. దేశంలో సగానికి పైగా తాటిచెట్లున్న రాష్ట్రంలో, తాటిచెట్టు రాష్ట్రవృక్షమైన చోట, సర్కారు దుకాణంలో బ్రాందీ దొరుకుతుంది, చెట్టు కింద కల్లు దొరకదు. తెలంగాణలో, కేరళలో కల్లు చట్టబద్ధమే.

ప్రాణాంతకమైన పొరుగు

2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచిలో కల్తీ సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. కారణం మిథనాల్. రంగు, రుచి, వాసనల్లో తాగే ఆల్కహాల్‌కు దగ్గరగా ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు చూపును, ఆపై ప్రాణాన్ని తీస్తుంది. ఇంట్లో పరీక్షించి పట్టుకునే వీలు లేదు. సీలు లేని సీసా ముట్టకపోవడమే రక్ష. సీలున్న సరుకుకైనా ఇంతవరకు క్షేమం అని చెప్పే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

ఇన్ని రికార్డుల మధ్య నా ఓటు మాత్రం పదనీర్‌కే. చుక్క మత్తు లేకుండా దాహం తీర్చి, గీత కార్మికుడికి కూలి, ఇంటికి బెల్లం ఇచ్చే పానీయం అది. కల్లు ఉండాలా వద్దా అన్న వాదం ఎటు తేలినా, పదనీర్ మీద నిషేధం లేదు. అడ్డల్లా చెట్టెక్కేవారు తగ్గిపోవడమే. వారి శ్రమకు గిట్టుబాటు ధర, ప్రమాదానికి బీమా ఉంటేనే కరిసల్ నేలలో కుండలకు సున్నం పూసే చేతులు మిగులుతాయి.