కుట్టు వచ్చా? పిల్లలకు నేర్పండి!

నందిగామ, జగ్గయ్యపేటల్లో డిగ్రీ చదువుతూ నోటిఫికేషన్ కోసం చూస్తున్నారా? చేతికుట్టు వస్తే ఈ వేసవిలో మీ వీధి పిల్లలకు నేర్పండి. గోనెగుడ్డ, ఊలు, మొన మొద్దుగా ఉండే లావు సూదులు, పాత చీర ముక్కలు ఉంటే చాలు.

మొదటిరోజే మిషన్ ఎక్కించొద్దు. చిన్నపిల్లలతో గోనెగుడ్డ మీద ఊలుతో దూసికుట్టు వేయించండి. రంధ్రాలు కనిపిస్తాయి కాబట్టి వరస తప్పదు. తర్వాత గొలుసుకుట్టు, గుండీ కుట్టడం. కాస్త పెద్దవాళ్లకు క్రోషే. పేరున్న నరసాపురం లేసు అల్లేదీ ఆ ఒక్క కొక్కెం సూదితోనే. మగపిల్లలనూ పిలవండి, చొక్కా గుండీ వాళ్లదీ ఊడుతుంది! కుట్టు తప్పితే మీరు విప్పకండి, వాళ్లతోనే విప్పించండి. పిల్లలకు ఓపిక, మీకు బోధన రెండూ అలవాటవుతాయి.

అనుభవానికి సర్టిఫికెట్ తోడవ్వాలి. రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం టైలరింగ్ అండ్ ఎంబ్రాయిడరీలో లోయర్, హయ్యర్ గ్రేడ్ టీసీసీ పరీక్షలు పెడుతుంది. ఆపైన 42 రోజుల వేసవి టీటీసీ శిక్షణ ఉంటుంది. 6-8 తరగతుల పిల్లలకు బ్యాగుల్లేని 10 రోజులు చేతివృత్తులు చూపించాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. క్రాఫ్ట్ టీచర్ పోస్టు ఎప్పుడు పడుతుందో చెప్పలేం. పడిన రోజున ‘పిల్లలకు నేర్పారా?’ అంటే మీ దగ్గర జవాబుండాలి.