అల్యూమినియమ్ చక్రములు: ఊడిన పూతకు మరమ్మతు

చింతపండుతో తోమిన ఇత్తడి చెంబు తళతళలాడుతుంది. కొద్ది దినములకే మరల మాసిపోతుంది. మోటారుకార్ల అల్యూమినియమ్ చక్రములు అట్లు మాసిపోకుండ వాటిపై రంగులేని వార్నీషు పూస్తారు. దీనినే క్లియర్ కోట్ అంటారు. కొన్ని ఏండ్లకు ఈ పూత క్రింద తెల్లని దారములవంటి చారలు ప్రాకుతాయి. పిమ్మట పూత పొరలుగా లేచిపోతుంది. దానిపైననే మరియొక పూత పూస్తే చాలదా? చాలదు. కారణమేమో చూతము.

అల్యూమినియమ్ గాలిలోని ఆమ్లజనితో వెంటనే కలిసి, ఆక్సైడు పొరను ఏర్పరచుకుంటుంది. దాని మందము మిల్లీమీటరులో లక్షవ వంతుకన్న తక్కువ. అయినను లోహమునకు అదే కవచము. ఉప్పులోని క్లోరైడు అయానులు ఈ కవచమును ఛేదిస్తాయి. చలిదేశములలో మంచు కరుగుటకై రోడ్లపై చల్లే ఉప్పుగాని, విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరములలోని ఉప్పుగాలిగాని ఇందుకు చాలును.

రాయి తగిలి పూతపై గాటు పడినచో, ఉప్పుతేమ లోనికి దిగుతుంది. చార మొనవద్ద ఆమ్లజని తక్కువ; వెనుక ఎక్కువ. ఈ భేదము వలన అక్కడ ఒక చిన్న విద్యుత్ ఘటము ఏర్పడుతుంది. మొనవద్ద లోహము కరిగి, అచటి ద్రవము ఆమ్లగుణము పొందుతుంది. చార ముందుకు సాగినకొద్దీ పూతకు పట్టు తప్పుతుంది. ఈ తుప్పును మిగిల్చి పైన పూసిన క్రొత్త పూత కూడ ఊడక తప్పదు.

కాబట్టి చక్రమును విప్పి, సబ్బునీటితో కడిగి, అల్యూమినియమునకు తగిన పెయింటు రిమూవరుతో పాతపూతను తీయవలెను. చారలు పూర్తిగా పోవువరకు వాటర్ పేపరుతో రుద్దవలెను: మొదట 320వ నంబరు, తరువాత 400, 600. జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, చేయి తగలనీయక, ఆరిన వెంటనే పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను. చేతితొడుగులు, కండ్లద్దములు ధరించి, గాలి ఆడేచోట పనిచేయవలెను. గట్టిపరచే ద్రవము కలిపే వార్నీషులలో సాధారణముగా ఐసోసయనేటులుంటాయి. వాటి తుంపరలు ఊపిరితిత్తులకు హానికరము. తగిన ముసుగు, అనుభవము గల పనివారికే ఆ పని విడువవలెను.

పూత తీయుటకు కాస్టిక్ సోడా వాడరాదు. అది లోహమునే కరిగించి ఉదజనిని వెలువరిస్తుంది. ప్రయోగశాలలో సజల కాస్టిక్ సోడాలో చిన్న అల్యూమినియమ్ రేకు వేసి, పైకి లేచే బుడగలను ఉపాధ్యాయులు జాగ్రత్తగా చూపవచ్చును.

పూత తీసినప్పుడు లోహములో పగులు కనబడితే పని అంతటితో ఆపవలెను. అట్టి చక్రమును మార్చవలసినదే. పగులుపై వార్నీషు పూస్తే చక్రము మెరుస్తుంది. ప్రయాణికుని ప్రాణము మాత్రము ఆ పగులు మీదనే ఆధారపడి ఉంటుంది.