40 వాట్ల గొంతు

దండోరా వేయువాడు పల్లమున నిలువడు. ఎత్తయిన అరుగెక్కి డప్పు మ్రోగించును. గొంతు మారదు, నిలిచిన చోటు మారును. అల్పశక్తి గల రేడియోను దూరమునకు వినిపించు విద్య చాలవరకు ఈ సత్యమునందే ఇమిడి యున్నది.

దక్షిణదేశమున ఈ విద్యకు పూనుకొన్నవారు ఔత్సాహికులే. 1924 మే నెలలో సి.వి. కృష్ణస్వామి శెట్టి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు వెలసినది. జూలై 31న ప్రసారము లారంభమైనవి. వారి యంత్రపు శక్తి 40 వాట్లు. ఒక ఇంటిదీపమునకు చాలునంత మాత్రమే. పిమ్మట 200 వాట్ల యంత్రమును సమకూర్చుకొనిరి. శక్తి ఐదింతలైనది గదా, తరంగబలమును ఐదింతలైనదా? కాలేదు. బలము శక్తి యొక్క వర్గమూలమును బట్టి పెరుగును. కావున ఐదింతల శక్తికి దక్కునది రెండుంబావు రెట్ల బలమే. శక్తిని పెంచి దూరమును గెలువ బూనుట ధనవంతుల మార్గము. క్లబ్బునకు ధనమే కరవై 1927 అక్టోబరులో మూతపడెను. మరుసటి నెల ఆరంభముననే నెల్లూరు తీరముపై తుపాను విరుచుకుపడెను. క్లబ్బు నిలిచియుండిన ప్రాణములు దక్కెడివని చెప్పజాలము. ఆనాడు పల్లెలలో రేడియో పెట్టెలే అరుదు. అయినను దూరమునకు వినబడు గొంతు వినోదమాత్రము కాదని ఆ రెండు సంఘటనలు ప్రక్కప్రక్కన నిలిచి జ్ఞాపకము చేయుచున్నవి.

ధనము లేనివారికి మార్గమేది? ఏరియల్, నేల. 1000 కిలోహెర్ట్జుల మధ్యతరంగము పొడవు 300 మీటర్లు. దానికి తగిన నిలువు స్తంభము 75 మీటర్లు. అమెరికాలో లైసెన్సు లేని ఔత్సాహికులకు అనుమతించిన శక్తి వాటులో పదవవంతు. ఏరియల్, ఎర్తు తీగ అన్నియు కలిసి 3 మీటర్లు మించరాదు. అంత పొట్టి తీగ యొక్క ప్రసరణ నిరోధము ఓములో ఇరువదియైదవ వంతు మాత్రమే. తీగచుట్టలోను, నేలలోను కలుగు నష్టము 20 ఓములనుకొన్నచో, 500 పాళ్లలో ఒక పాలు మాత్రమే ఆకాశమున కెగయును. తక్కినది వేడియై పోవును. ఆ నష్టమును సగము చేసినచో, పైసా విద్యుత్తు అదనముగా లేకయే ప్రసారశక్తి రెట్టింపగును. అందుకే స్తంభపు మొదట బండిచక్రపు ఆకులవలె రాగితీగలను నేలలో పూడ్తురు. బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టైన్ అను ఇంజనీర్లు 1937లో ఈ తీగల ప్రయోజనమును కొలిచి చూపిరి. పెద్ద కేంద్రములకు 120 తీగలు పరిపాటి యైనది.

ఈ విషయమున నెల్లూరు తీరము భాగ్యశాలి. సముద్రజలము మామూలు నేలకంటె కొన్ని వందల రెట్లు విద్యుద్వాహకము. దానిమీదుగా సాగు మధ్యతరంగము మెట్టనేలపై వలె త్వరగా సన్నగిల్లదు. కాని ఒక హెచ్చరిక: మైపాడు వద్ద సరుగుడు తోపులో ఎత్తయిన ఇసుకదిబ్బను చూచి, ఇదియే తగిన చోటని విద్యార్థి భ్రమపడవచ్చును. పొడి యిసుక వట్టి దుర్బల వాహకము. దానికంటె ఇసుకపల్లి ఉప్పుమళ్ల చెంతనుండు తడినేల, పులికాటు అంచున నుండు చవిటినేల మేలు. దండోరావాని అరుగు ఇచ్చట ఎత్తున లేదు, తడిలో నున్నది.

రాత్రి వేళ మరియొక చిత్రము. పగలు తరంగములను మ్రింగు అయనావరణపు క్రిందిపొర సూర్యాస్తమయముతో అణగిపోవును. దూరదేశపు కేంద్రములు వినవచ్చును. ఇది చిన్నగొంతుకు మేలుకాదు. బలవంతుల రొదలో అది మునిగిపోవును.

మనదేశమున ప్రభుత్వానుమతి లేక ప్రసారము చేయరాదు. సామాజిక రేడియోలకు ఇచ్చు అనుమతియు ఎఫ్.ఎం.కే. అయినను వినుటకు అడ్డులేదు. ఉపాధ్యాయులు మధ్యతరంగముల రేడియోను మధ్యాహ్నమొకసారి, మునిమాపున నొకసారి విద్యార్థులచేత పెట్టించి, పెట్టెను నలుదిక్కులకు త్రిప్పించి, వినబడిన దానిని వ్రాయింపవచ్చును. అదే పరీక్షను ఊరిలో నొకసారి, అలల చెంత నొకసారి చేయించినచో పుస్తకములోని పాఠము చెవికి తెలియును.

మూతపడిన క్లబ్బు తన యంత్రమును మద్రాసు కార్పొరేషనుకు అప్పగించినది. 1930 ఏప్రిల్ 1న కార్పొరేషను ప్రసారములు ప్రారంభించెను. 1938లో ఆకాశవాణి ఆ పనిని చేపట్టినది. ఔత్సాహికుల సొమ్ము మూడేండ్లకే అడుగంటినను, వారు ఎత్తిన గొంతును అందుకొనుటకు వేరొకరు ముందుకు వచ్చిరి.