కార్నియా ఉపరితల కణాల వర్ధనం: తెలుపు నలుపుల సంధిలోని మూలకణాలు

వ్యాససంగ్రహం: రసాయనాల వల్ల కాలిన కంటికి కార్నియా మార్పిడి ఒక్కటే ఎందుకు చాలదో, ఆ లోటు తీర్చడానికి కంటి ఉపరితల కణాలను ప్రయోగశాలలో ఎలా పెంచుతారో ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాదులో ఈ పద్ధతి పొందిన మార్పులను ప్రత్యేకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కార్నియా, మూలకణాలు, శుక్లకృష్ణ సంధి, ఉల్బం, కణజాల వర్ధనం.

1. ప్రస్తావన

నేత్రదానం ద్వారా లభించిన కార్నియాను అమరిస్తే చూపు తిరిగి వస్తుందని మనం సాధారణంగా అనుకుంటాం. కార్నియాకు వచ్చే అనేక జబ్బుల విషయంలో ఇది నిజమే. ఆమ్లమో, సున్నమో పడి కంటి ఉపరితలం లోతుగా కాలినప్పుడు మాత్రం ఈ లెక్క తప్పుతుంది. దాత కార్నియాతోపాటు వచ్చిన పైపొర కొంతకాలానికి రాలిపోతుంది. దాని స్థానంలో కొత్త పొరను రోగి కన్నే తయారుచేసుకోవాలి. కాలిన కంటికి ఆ శక్తి లేదు. అందువల్ల ఎంతో శ్రమతో అమర్చిన కార్నియా మళ్ళీ మసకబారుతుంది. కిళ్ళీలో వాడే సున్నం ప్యాకెట్లు పిల్లల చేతుల్లో చిట్లి కళ్ళలో పడిన ఉదంతాలను మన వైద్యులు నివేదించారు. కాబట్టి ఇది ఎక్కడో కర్మాగారాలకే పరిమితమైన సమస్య కాదు.

2. పేర్ల చిక్కు

విషయంలోకి వెళ్ళేముందు పరిభాష గురించి ఒక మాట చెప్పాలి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో కార్నియాకు 'శుక్లపటలం' అనే పేరుంది. శుక్లమంటే తెలుపు, కార్నియా పారదర్శకం. పైగా వాడుకలో 'శుక్లాలు' అంటే కంటి కటకం మసకబారే జబ్బు. కన్ను ముందుభాగంలో ఉండే కిటికీకి, దాని వెనుకనున్న కటకానికి వచ్చే జబ్బుకు ఒకే మాట ఉంటే పాఠకుడు తికమకపడక తప్పదు. 'నల్లగుడ్డు' అనే వాడుకమాటా అంతే. కార్నియాగుండా కనిపించే లోపలి రంగునుబట్టి వచ్చిన పేరది. అందుచేత ఈ వ్యాసంలో కార్నియా అనే మాటనే వాడుతున్నాను.

కార్నియా అంచుకు మాత్రం మనకు చక్కని పేరుంది. ఆంగ్లవైద్యం లింబస్ అని పిలిచే ఈ చోటును సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం కంటిలోని ఆరు సంధుల్లో ఒకటిగా, శుక్లకృష్ణగత సంధిగా పేర్కొంది. దీన్నిబట్టి మూలకణాల సంగతి ప్రాచీనులకు తెలుసునని చెప్పడం అతిశయమే అవుతుంది. వారు గుర్తించింది చోటునే తప్ప అది చేసే పనిని కాదు. అయినా పేరు అతికినట్లు సరిపోతుంది. వ్యాకరణంలో సంధి రెండు వర్ణాలను కలుపుతుంది. కంటిలోని ఈ సంధి రెండు కణజాలాలను ఒకదానిలోకి ఒకటి చొరబడకుండా వేరుగా ఉంచుతుంది.

3. సంధి చేసే పని

కార్నియా మందం మధ్యభాగంలో సుమారు అర మిల్లీమీటరు. అందులో పైనుండే ఉపకళా కణజాలం మందం దాదాపు పదోవంతే. అయిదు నుంచి ఏడు వరుసల కణాలు అందులో ఉంటాయి. రెప్ప వేసినప్పుడల్లా పైవరుస కణాలు రాలిపోతూ ఉంటాయి. ఇంచుమించు వారం పదిరోజుల్లో పొర అంతా కొత్తదవుతుంది. రక్తనాళాలు లేని ఈ పారదర్శక ప్రదేశానికి కొత్త కణాలు ఎక్కడినుంచి వస్తున్నాయి?

అవి అంచునుంచి వస్తున్నాయని డవాంగర్, ఎవెన్సెన్ 1971లో ప్రతిపాదించారు. అడుగునుంచి పైకి వచ్చే కణాలూ అంచునుంచి మధ్యకు జరిగే కణాలూ కలిసి, రాలిపోయే కణాలకు సమానమవుతాయని 1983లో థాఫ్ట్, ఫ్రెండ్ సూత్రీకరించారు. కార్నియా కణాలు పరిణతి చెందినప్పుడు కనిపించే ఒక కెరటిన్ ప్రొటీన్, సంధిలోని అడుగువరుస కణాల్లో లేదని 1986లో టి.టి. సన్ బృందం చూపింది. అంటే అవి ఇంకా పరిణతి చెందని కణాలు. చాలా నెమ్మదిగా విభజన చెందే కణాలు అక్కడే ఉన్నాయని 1989లో అదే ప్రయోగశాల పరంపరలోని పరిశోధన నిరూపించింది. మూలకణాల లక్షణం ఇదే.

కాలిన గాయం ఈ సంధిని నాశనం చేస్తే రెండు నష్టాలు కలుగుతాయి. కొత్త కణాలు రావడం ఆగిపోతుంది. అడ్డు తొలగడంతో తెల్లగుడ్డుమీది కంటిపొర రక్తనాళాలతో సహా కార్నియామీదికి పాకుతుంది. నొప్పి, వెలుతురు భరించలేకపోవడం, మసక చూపు దీని ఫలితాలు.

4. ప్రయోగశాలలో పెంపకం

ఒక కన్నే పాడయితే, బాగున్న కంటినుంచి సంధి భాగాన్ని తెచ్చి అతికించవచ్చునని కెన్యన్, సెంగ్ 1989లో చూపారు. అయితే ఇందుకు పెద్ద ముక్కలు కావాలి. మిగిలిన ఒక్క కన్నును కూడా ప్రమాదంలోకి నెట్టడం రోగికీ వైద్యుడికీ కష్టమైన నిర్ణయం. ప్రయోగశాల అవసరం ఇక్కడే ఏర్పడింది.

దారి అంతకుముందే చర్మకణాల పరిశోధనలో తెరుచుకుంది. విభజన శక్తి పోయేలా వికిరణానికి గురిచేసిన ఎలుక కణాలను దాదులుగా పరచి, వాటిమీద మనిషి చర్మకణాలను పెంచవచ్చునని రైన్‌వాల్డ్, గ్రీన్ 1975లో చూపారు. ఇటలీకి చెందిన గ్రాజియెల్లా పెల్లెగ్రిని, మిషెల్ డి లూకా బృందం ఈ పద్ధతిని కంటికి వర్తింపజేసి 1997లో ఫలితాలను ప్రకటించింది. ఇద్దరు రోగుల ఆరోగ్యవంతమైన కంటినుంచి ఒకటి రెండు చదరపు మిల్లీమీటర్ల ముక్క తీసి, కణాలను విడదీసి, పొరగా పెంచి, కాలిన కంటిమీద అమర్చారు. 'ప్రయోగశాలలో కార్నియా పెంచారు' అనే వాక్యం తరచూ వినిపిస్తుంది. నిజానికి పెరిగింది ఆ పైపొర మాత్రమే. దాని కింద మచ్చపడిన కార్నియాకు తర్వాత విడిగా మార్పిడి చేయవలసి రావచ్చు.

పొర పెరగడం ఒక్కటే విజయానికి కొలత కాదు. గిన్నె నిండా కణాలున్నా వాటిలో మూలకణాలు లేకపోతే, ఆ పొర కొద్దికాలం నిలిచి రాలిపోతుంది. ఇటలీలోనే పావొలో రామా తదితరులు 112 మంది రోగుల ఫలితాలను 2010లో ప్రచురించారు. 76.6 శాతం మందిలో ఉపరితలం శాశ్వతంగా కుదుటపడింది. అందులో గమనించవలసిన అంకె మరొకటుంది. పీ63 అనే ప్రొటీన్ ప్రకాశవంతంగా కనిపించే కణాలు 3 శాతానికి మించిన వర్ధనాల్లో 78 శాతం సఫలం కాగా, 3 శాతమో అంతకంటే తక్కువో ఉన్నవాటిలో 11 శాతమే సఫలమయ్యాయి. పరిమాణం కన్నా నాణ్యత ఎంత ముఖ్యమో ఈ వ్యత్యాసం తెలుపుతుంది. ఈ చికిత్సకు హోలోక్లార్ పేరుతో 2015లో ఐరోపా సమాఖ్య షరతులతో కూడిన అనుమతినిచ్చింది.

5. హైదరాబాదు ఎంచుకున్న మార్గం

1987లో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో వీరేందర్ సాంగ్వాన్, గీతా వేముగంటి తదితరులు ఎలుక కణాలను విడిచిపెట్టారు. వారు ఆధారంగా ఎన్నుకున్నది ఉల్బాన్ని, అంటే గర్భంలో శిశువును ఆవరించి ఉండే పలుచని పొరను. ప్రసవం తర్వాత పారవేసే ఈ పొరను శుద్ధిచేసి, పైకణాలను తొలగించి, దానిమీద సంధి ముక్కలను ఉంచుతారు. యానకంలో రోగి రక్తంనుంచి తీసిన సీరాన్నే కలుపుతారు. రెండు వారాల లోపు కణాలు ముక్కల చుట్టూ పాకి పొరగా ఏర్పడతాయి. జంతుసంబంధ పదార్థాలు లేని ఈ పద్ధతిలో 200 కళ్ళకు చేసిన చికిత్స 71 శాతం సఫలమైందని 2011లో నివేదించారు.

అయినా ఇందుకు ప్రత్యేకమైన శుద్ధ ప్రయోగశాల, శిక్షణ పొందిన సిబ్బంది ఉండాలి. రెండుసార్లు శస్త్రచికిత్స తప్పదు. ఉల్బం మీద ముక్కనుంచి కణాలు పాకుతున్నప్పుడు, ఆ ఉల్బాన్ని నేరుగా కంటిమీదే పరిస్తే ఏమవుతుంది? సాంగ్వాన్, సాయన్ బసు తదితరులు 2012లో ప్రకటించిన పద్ధతికి ఈ ఆలోచనే పునాది. రెండు మిల్లీమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న ముక్కను ఎనిమిదో పదో తునకలుగా కోసి, కంటిమీద పరచిన ఉల్బంపై చూపుదారికి అడ్డురాకుండా ఫైబ్రిన్ జిగురుతో అతికిస్తారు. మొదటిది నారుమడిలో పెంచి పొలంలో నాటడం వంటిదైతే, ఇది చెరకు ముచ్చెలను నేరుగా చాలులో పెట్టడం వంటిది. 125 కళ్ళపై జరిపిన పరిశీలనలో 76 శాతం సఫలమైనట్లు 2016లో ప్రచురించారు. 71 కన్నా 76 పెద్దది కనుక రెండోది మేలనడం తొందరపాటు. రోగులు వేరు, పరిశీలించిన కాలాలు వేరు. నా దృష్టిలో అసలు విశేషం ఆ అంకె కాదు. ఖరీదైన ప్రయోగశాల లేని ఆసుపత్రిలోనూ ఒకే శస్త్రచికిత్సతో ఇది సాధ్యం కావడమే విశేషం.

6. రెండు కళ్ళూ కాలినవారు

పై పద్ధతులన్నింటికీ బాగున్న సంధి కొంతైనా మిగిలి ఉండాలి. అది రెండు కళ్ళలోనూ లేనివారికి ఇతరుల కణాలు తెచ్చి అమర్చితే, వాటిని శరీరం తిరస్కరించకుండా దీర్ఘకాలం మందులు వాడవలసి ఉంటుంది. జపాన్‌లో కోహ్జి నిషిదా బృందం 2004లో నలుగురు రోగులకు వారి నోటి లోపలి పొర కణాలనే పెంచి కంటిమీద అమర్చింది. అందుకు వాడిన గిన్నె ఉపరితలం చల్లబరిస్తే పొరను దానంతట అదే వదిలిపెడుతుంది. ఎంజైములతో కణాలను దెబ్బతీయవలసిన అవసరం ఉండదు. ఆ పొరలు నోటి కణాల స్వభావాన్ని పూర్తిగా వదులుకోవు. తర్వాత అదే బృందం, పరిణతి చెందిన కణాలను వెనక్కి మరల్చి పొందిన ప్రేరిత మూలకణాలనుంచి కార్నియా పైపొరను తయారుచేసింది. ఈ కణాలు రోగుల సొంతవి కావు. 2019లో మొదలైన ఈ చికిత్సలో నలుగురిని రెండేళ్ళపాటు పరిశీలించగా కణితులు గాని, తిరస్కరణ గాని కనిపించలేదని 2024లో ప్రకటించారు.