గన్నేరు పేరుగల మూడు చెట్లు: గుర్తింపు, భద్రత

తెలుగు వ్యవహారంలో ‘గన్నేరు’ పదం మూడు వేర్వేరు పూలచెట్లకు చెల్లుతుంది. పాతపట్నం పరిసరాలలో పెరళ్ళలోను, గుడి ఆవరణలలోను ఇవి కనిపిస్తాయి. గన్నేరుకు కణుపు వద్ద సాధారణంగా మూడేసి సన్నని ఆకులు, పొడవాటి కాయలు ఉంటాయి. పచ్చగన్నేరు పూలు పసుపు రంగులో గంట ఆకారంలో ఉంటాయి. దాని గుండ్రటి ఆకుపచ్చ కాయలు పండి నల్లబడతాయి. దేవగన్నేరుకు లావుపాటి కొమ్మలు, వెడల్పాటి ఆకులు ఉంటాయి.

చెర్రీ, ప్లమ్ పండ్ల గుజ్జు తినదగినది. విషకారకం గింజలోని పప్పులో ఉంటుంది. పచ్చగన్నేరుకు ఈ న్యాయం వర్తించదు. దానిలోను, గన్నేరులోను అన్ని భాగాలూ గుండె లయను దెబ్బతీసే విషంతో కూడినవే. దేవగన్నేరు పాలు చర్మానికి మంట కలిగించవచ్చు. పిల్లలు పచ్చగన్నేరు కాయ కొరికితే లక్షణాలకై వేచి ఉండక, మిగిలిన కాయతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. కనుక పేరును బట్టి కాక ఆకు, కాయలను బట్టి చెట్టును గుర్తించడం అవసరం.