‘ఇంటికి తీసుకుపోండి’ అన్నాక

“ఇక చేసేదేమీ లేదు. ఇంటికి తీసుకుపోండి.”

పెద్దాసుపత్రుల్లో రోజూ వినబడే మాటే. చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఆ మాటను మోసుకుని అంబులెన్సు కొంపల్లి దాటి మేడ్చల్ వైపో, తూంకుంట దాటి శామీర్‌పేట వైపో బయల్దేరుతుంది. లోపలున్న మనిషికి ప్రాణం ఉంది. ఇంకా పది రోజులుంటాడో, రెండు నెలలుంటాడో. అన్నాళ్లూ నిజంగానే చేసేదేమీ లేదా?

బోలెడుంది. కాకపోతే అందులో ఎక్కువ భాగం డాక్టరు పని కాదు, నర్సు పని.

నోరు ఎండిపోతుంటే తడి గుడ్డతో పెదవులు తుడవాలి. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే నడుము దగ్గర పుండు పడుతుంది. రొమ్ము మీదో, దవడ మీదో కేన్సర్ పుండు పగిలితే వచ్చే వాసనకు మనవలు కూడా గది గుమ్మం తొక్కరు. మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి ఆ పుండు మీద చల్లితే వాసన తగ్గుతుంది. దాని ఖర్చు కొద్ది రూపాయలే. మనవడు మళ్లీ మంచం పక్కన కూర్చుంటాడు. వైద్యశాస్త్రం దీన్ని ఏ లెక్కలో రాసుకుంటుందో గానీ, మంచం మీది ముసలామెకు మాత్రం అదే వైద్యం.

నొప్పికి మార్ఫిన్. మాత్రల రూపంలో నాలుగు గంటలకోసారి, గడియారం చూసి ఇవ్వాలి. నొప్పి వచ్చేదాకా ఆగి ఇవ్వకూడదు. దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు తప్పనిసరి. ఇదంతా ఇంట్లోవాళ్లకు ఒకసారి చెబితే సరిపోదు. కోడలి చేత చేయించి చూపించాలి, కాగితం మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి వేళలు గుర్తుపట్టించాలి.

ఆ మాత్ర వెనక పెద్ద కథే ఉంది. మత్తుమందుల అక్రమ రవాణాను ఆపడానికి 1985లో తెచ్చిన చట్టం నొప్పితో విలవిల్లాడే రోగికీ మార్ఫిన్‌ను దూరం చేసింది. ఆ బాధ మీద 2009లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక రాసింది. 2014లో చట్టాన్ని సవరించారు. అయినా మార్ఫిన్ వీధి చివరి మందుల షాపులో దొరికే సరుకు కాదు, సాధారణంగా గుర్తింపు ఉన్న ఆసుపత్రుల నుంచే రావాలి. మేడ్చల్ వాళ్లకు ఏళ్లుగా తెలిసిన దారి రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి. అక్కడ డాక్టర్ గాయత్రి పాలట్ నిలబెట్టిన ఉపశమన చికిత్స (పాలియేటివ్ కేర్) విభాగం ఎన్నో కుటుంబాలకు ఆసరా. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచింది. ఇళ్ల దగ్గరికి వెళ్లే వాహనాలకు ‘ఆలన’ అని పేరు పెట్టింది. సర్కారు పథకాల పేర్లలో ఇంత చక్కటిది అరుదు.

సరే, ఇంటికి తీసుకుపోవాలి. ఏ ఇంటికి?

శామీర్‌పేట, మేడ్చల్ చుట్టూ ఒకప్పుడు ద్రాక్ష తోటలు. ఇప్పుడు గోదాములు, వెంచర్లు, జీనోమ్ వ్యాలీ కంపెనీలు. పని వెతుక్కుంటూ వచ్చి ఒక గది, ఒక వంటిల్లు కిరాయికి తీసుకున్నవాళ్లు ఎంతమందో. కిరాయి ఇంట్లో పానం పోతే ఓనరు ఊరుకోడు. పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు నెలల తరబడి పాడుబెట్టాలని ఆయన భయం ఆయనది. అందుకే కొన్ని ఇళ్లలో నర్సు గడపలో చెప్పులు విడుస్తుండగానే గుసగుసగా వినబడే మాట: “సిస్టరమ్మా, ఓనరుకు చెప్పకుండ్రి.” సొంతూరికి తీసుకుపోదామంటే మనిషి దారి తట్టుకోలేడు. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ లాంటి, చివరి రోజుల్లో రోగిని చూసుకునే చోట్లు ఈ ఇరుకులో పడ్డవాళ్లకు దేవుడిచ్చిన గూడు. కాకపోతే మంచాలు లెక్కపెట్టదగినన్నే.

దాచాల్సింది ఓనరు దగ్గరే కాదు. “ఆయనకు కేన్సర్ అని తెల్వదు, మీరు చెప్పొద్దు” అంటుంది భార్య. ఆమె వంటింట్లోకి వెళ్లగానే మంచం మీది మనిషి నర్సు చెయ్యి పట్టుకుంటాడు. “నాకు ఎరికే బిడ్డా. ఆమెకు తెల్వొద్దని ఊకున్న.” ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నాటకం ఆడుతూ ఒకే గదిలో ఒంటరిగా ఉంటారు. ఆ గోడను పగలగొట్టకుండా చిన్న కిటికీ తెరవాలి. “అన్నా, ఆమెతో ఏమన్న చెప్పాల్నా?” ఈ ఒక్క ప్రశ్న ఎప్పుడు అడగాలో తెలియడమే నర్సు చదువులో కష్టమైన పాఠం. లండన్‌లో 1967లో ఆధునిక హాస్పిస్‌కు నాంది పలికిన సిసిలీ సాండర్స్ డాక్టరు కావడానికి ముందు నర్సు. నొప్పి ఒంట్లోనే కాదు, మనసులోనూ, ఇంటి లెక్కల్లోనూ ఉంటుందని ఆమె చెప్పడం వెనక నర్సుగా వార్డుల్లో గడిపిన రాత్రులున్నాయనే నా నమ్మకం.

చివరి రెండు మూడు రోజుల్లో గొడవంతా సెలైన్ దగ్గరే. “ఏం తింటలేడు, ఒక్క గ్లూకోజ్ బాటిలన్న పెట్టుండ్రి.” నర్సు కాదంటే ఆర్‌ఎంపీ రెడీ. ఒంట్లో పనులన్నీ ఆగిపోతున్నప్పుడు ఎక్కించే నీళ్లు కాళ్లలోకీ ఊపిరితిత్తుల్లోకీ దిగి గురక పెంచవచ్చు. తినకపోవడం వల్ల పోవడం లేదు, పోతున్నాడు కాబట్టి తినడం లేదు. దీన్ని ఆకలి అంటే ఏమిటో తెలిసిన ఇంట్లో చెప్పడం అంత తేలికా? అందుకే అనుభవమున్న నర్సు వాదించదు. చెంచాతో రెండు చుక్కలు కొడుకు చేత పెదవుల మీద వేయిస్తుంది. తులసి నీళ్లయినా, జమ్‌జమ్ నీళ్లయినా, ఆ చెంచాకు తేడా లేదు.

కాళ్లు చల్లబడతాయి. ఊపిరి ఆగి, మళ్లీ అందుకుంటుంది. ఇది ఇలా ఉంటుందని ముందే చెప్పి ఉంచితే అర్ధరాత్రి ఆటో ఎక్కించి ఐసీయూకు పరుగెత్తరు. మాటలు వినబడుతూనే ఉంటాయేమో, పక్కన ఆస్తి సంగతులు మాట్లాడకండని కూడా నర్సు చెబుతుంది.

మనిషి పోయి పదో రోజు దాటాక నర్సు ఇంకోసారి వెళుతుంది. మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి తీసుకోవాలి, గాలి పరుపు వేరే ఇంటికి పోవాలి. కోడలు పరుపు మడత పెడుతూ, తలెత్తకుండా అడుగుతుంది: “సిస్టర్, పొద్దుగాల ఐదింటి గోలీ నేనే ఏసిన. గంటకే పోయిండు. నా వల్లనేనా?”

“కాదమ్మా. ఆ గోలీ వల్ల చివరి గంట మూలగకుండ పోయిండు.”

ఆమె అప్పుడు ఏడుస్తుంది. పరుపులో గాలి పూర్తిగా పోయేదాకా ఇద్దరూ అక్కడే కూర్చుంటారు.