ఇంట్లోనూ ఒక ప్రయోగపు మడి

కొత్త వంగడము వచ్చినదని వినగానే అనుభవముగల రైతు ఉన్న పొలమంతా దానితో విత్తడు. ఒక మూల అయిదు సెంట్లలో చల్లి, పక్కనే తన పాత రకమును ఉంచి, రెండింటికి ఒకే ఎరువు, ఒకే తడి ఇచ్చి, కోతనాడు తూచి చూచును. మంచిదని తేలినచో మరుసటి ఏడు ఎకరమునకు పెంచును. ఇది మేము రైతులకు చెప్పు మాట మాత్రమే కాదు. రైతులు మాకు నేర్పిన మాట కూడ.

అదే రైతు ఇంటికి వస్తువు కొనునప్పుడు మాత్రము ఈ జాగ్రత్త మరచును. సంతలో ఒకడు గట్టిగా చెప్పినాడనియో, ఫోనులో ప్రకటన వచ్చినదనియో, పక్కింటివారు కొన్నారనియో డబ్బు చెల్లించును. ఈ తప్పు నేనును చేసితిని.

నేను పల్నాడు ప్రాంతములో వ్యవసాయాధికారిని. మావారు ఉపాధ్యాయులు. మామగారు నాలుగెకరములలో ప్రత్తి, కంది సాగు చేయుచున్నారు. అత్తగారు, ఏడేండ్ల అమ్మాయి, మూడేండ్ల అబ్బాయి మాతోనే ఉన్నారు. ఖరీఫు రోజులలో ఉదయము బయలుదేరిన దానను తిరిగి ఇల్లు చేరుసరికి దీపాలు పెట్టు వేళ దాటును. తీరిక లేని తల్లికి వస్తువులు అమ్ముట చాల సులువు. పిల్లలకు ఇవ్వలేకపోయిన సమయమును డబ్బుతో పూడ్చవచ్చునని ఆమెకు తోచును. ఒక ఉగాదికి ఇల్లు దులుపుచు చూడగా, అటువంటి వస్తువులే అల్మారాలో సగము ఉన్నవి.

అప్పటినుండి ఇంట్లోను ప్రయోగపు మడి పద్ధతి పెట్టితిని. నియమములు మూడు. ఒకటి, ఒకేసారి ఒకే కొత్త వస్తువు. రెండు, పాత పద్ధతిని మానక పక్కన ఉంచి పోల్చుట. మూడు, ఏమి గమనించవలెనో ముందుగానే నోటు పుస్తకములో వ్రాసుకొనుట. ఈ విధముగా చూచిన కొన్ని వస్తువుల సంగతి ఇచ్చట వ్రాయుచున్నాను.

దోమల యంత్రము

ప్లగ్గులో పెట్టిన చాలు, మన చెవికి వినిపించని శబ్దము చేసి దోమలను తరుమునని చెప్పి అమ్మిన యంత్రమొకటి కొంటిని. పధ్నాలుగు రాత్రులు పరీక్షించితిని. ఒక రాత్రి యంత్రము పెట్టుట, మరునాడు తీసివేయుట. పడుకొనబోవు ముందు అరగంటలో బ్యాటుతో కొట్టిన దోమలను అమ్మాయి లెక్కపెట్టి వ్రాసెడిది. రెండు లెక్కలకు తేడా పది దోమలు కూడ లేదు.

ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదు. ఇటువంటి శబ్ద యంత్రములపై జరిగిన 10 క్షేత్ర పరిశీలనలను కాక్రేన్ సంస్థవారు 2007లో ఒకచోట చేర్చి చూచి, ఇవి దోమకాటును ఆపునని చెప్పుటకు ఆధారము లేదని తేల్చిరి. యంత్రము మూలపడినది, దోమతెర నిలిచినది. తెర అంచులను పరుపు క్రిందికి దోపుట మరువరాదు. డెంగ్యూ తెచ్చు దోమ పగటిపూట కుట్టును గనుక, పసిపిల్లలు పగలు నిద్రించునప్పుడును తెర వేయవలెను. నీటి తొట్లను వారమునకొకసారి ఖాళీచేసి ఆరబెట్టుటకు పైసా ఖర్చు లేదు.

బలము పొడి

పాలలో కలుపు పొడి డబ్బా మా ఇంట చాలకాలము ఉన్నది. దీనిని నా నోటు పుస్తకముతో పరీక్షించలేకపోతిని. బిడ్డ ఎదుగుదల నెలలో తేలునది కాదు. జ్వరము, ఋతువు, ఆట, నిద్ర అన్నియు అందులో కలిసి ఉండును. ఇంటి పరీక్షకు అందనిచోట లేబులును సాక్షిగా పిలువవలెను.

ఆహార పదార్థముల లేబులుపై సరుకులను బరువునుబట్టి ఎక్కువ నుండి తక్కువకు వరుసగా ముద్రించవలెనని నిబంధన కలదు. మా డబ్బాపై చక్కెర రెండవ స్థానములో ఉన్నది. అంతవరకు ముందువైపు బొమ్మ చూచితిని గాని, వెనుకవైపు అక్షరము చదువలేదు. ఇటువంటి పానీయములను “హెల్త్ డ్రింకు”ల వర్గము నుండి తొలగించవలెనని కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అంగళ్లకు సూచించినది. ఆహార భద్రతా చట్టములో అటువంటి వర్గమే లేదు.

ఇప్పుడు మా పిల్లలకు రాగి జావ, వేరుశనగ గుళ్లు, గ్రుడ్డు ఇచ్చుచున్నాము. నూరు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నము, నూరు గ్రాముల వేరుశనగ గుళ్లలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు కలవు. అబ్బాయి జావ తాగుటకు మొదట పేచీ పెట్టెను. అత్తగారు చిక్కటి మజ్జిగ, చిటికెడు ఉప్పు కలిపి ఇచ్చిన తరువాత గ్లాసు ఖాళీ అగుచున్నది.

పిల్లల పుస్తకములు

అమ్మాయికి తెలివితేటలు పెరుగునని చెప్పగా ఖరీదైన ఆంగ్ల అభ్యాస పుస్తకముల కట్ట ఒకటి కొంటిని. దానితోపాటు పుస్తక ప్రదర్శనలో సన్నని తెలుగు బొమ్మల కథల పుస్తకములు నాలుగు తెచ్చితిని. గమనించవలసినదిగా ఒకే ప్రశ్న వ్రాసుకొంటిని: ఏ పుస్తకమును పిల్ల తనంతట తాను మళ్లీ అడుగును?

నెల తరువాత చూడగా, అభ్యాస పుస్తకము ఆరవ పుట దాటలేదు. నేను అలసి వచ్చి దానిని తీయుమనుట, అది మొగము ముడుచుకొనుట, ఇద్దరికిని కోపము వచ్చుట, ఇదే దినచర్య అయినది. కథల పుస్తకములలో రెండింటికి మాత్రము అట్టలూడినవి. ఒకనాడు నేను ఆలస్యముగా వచ్చుసరికి అమ్మాయి చదువుచుండగా, అక్షరము రాని మా అత్తగారు బొమ్మపై వేలు పెట్టి, “ఇక్కడ ఏం రాసుందే? ఆ నక్క ఏమంటంది?” అని అడుగుచున్నారు. ఆ కట్ట ఖరీదుకు ఈ దృశ్యము దొరుకునది కాదు. నాకు మిగిలినది పదిహేను నిమిషములే అయినను, రాత్రి ఒక కథ కలిసి చదువుట నియమముగా పెట్టుకొంటిమి.

మంచి పుస్తకములకు ఎక్కువ డబ్బు అక్కరలేదు. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టువారు తక్కువ ధరకు తెలుగులోను పిల్లల పుస్తకములు వేయుచున్నారు. ప్రథమ్ బుక్స్‌వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలను ఫోనులో ఉచితముగా చదువవచ్చును. గ్రామాధికారులకు ఒక మనవి: 1960 నాటి గ్రంథాలయముల చట్టము ప్రకారము ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడ ప్రజల వద్ద వసూలగుచున్నది. కనుక ఊరి గ్రంథాలయములో పిల్లల అలమర ఉన్నదా, దాని తలుపు సాయంత్రము తెరచుచున్నారా అని విచారించుట మన విధి.

కందుల సంచి

తిండికి ఉంచు కందులకు పుచ్చు పట్టుట ప్రతి ఇంటి బాధయే. గాలి చొరబడని మూడు పొరల సంచిని మా ఇంట పరీక్షించితిమి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమువారు 1980ల చివర ఆఫ్రికాలోని కామెరూన్ దేశములో అలసందల నిల్వకై రూపొందించిన పద్ధతి ఇది. లోపల రెండు ప్లాస్టిక్ పొరలు, బయట ఒక నేత సంచి ఉండును. మూతి బిగించి కట్టగా, లోపలి పురుగులు ఉన్న ప్రాణవాయువును వాడివేసి, ఇక గాలి అందక చచ్చును. మందు బిళ్లతో పని లేదు.

పదేసి కిలోల కందులను మూడు విధములుగా ఉంచితిమి: వేపాకు వేసిన గోనె సంచి, అత్తగారి పద్ధతిలో బూడిద కలిపిన కుండ, కొత్త సంచి. అయిదు నెలలకు గోనెలోని గింజలకు బెజ్జములు పడినవి. కొత్త సంచి, కుండ రెండును నిలిచినవి. “నా కుండ ఓడిందా, చూడు!” అని అత్తగారు మురిసిరి. కొద్దిపాటి విత్తనమునకు కుండయే చాలును; జల్లించు శ్రమ లేక బస్తాలు నిల్వచేయుటకు సంచి మేలు. గింజలను 10 శాతము కంటె తేమ లేకుండ ఎండబెట్టవలెను. సంచిని మాటిమాటికి విప్పరాదు. నెలవారీ వాడకమునకు వేరుగా తీసి ఉంచుకొనవలెను. ఎలుకలు కొరకకుండ కాపాడవలెను.

నేను పరీక్షించని వస్తువు

ఇంతవరకు చెప్పినవన్నియు ఇంటిలోనికి కొత్తగా వచ్చిన వస్తువులు. ఇంట్లో అప్పటికే ఉన్నదానిని నేను చూడలేదు.

ఒక ఆదివారము వంట చేయుచుండగా మా అబ్బాయి చల్లని పానీయపు సీసా ఒకటి రెండు చేతులతో పట్టుకొని వచ్చి, “అమ్మా, మూత తియ్యి” అనెను. అందులో ఉన్నది పారాక్వాట్ కలుపు మందు. పొలములో మిగిలినదానిని మామగారు ఆ సీసాలో పోసి మెట్ల క్రింద పెట్టిరి. మూత బిగువుగా ఉండుటచేత మాత్రమే బిడ్డ దక్కెను. పారాక్వాటునకు విరుగుడు మందు లేదు. ఈ సంగతి ఎన్నో గ్రామ సభలలో నేనే చెప్పియున్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసినట్లు పరీక్షలో తేలినది. అది మరొకరి నిర్లక్ష్యమని అంతవరకు తలచితిని.

మరునాడే తాళముగల ఇనుప పెట్టె కొని ఇంటి వసారాలో ఉంచి, తాళపుచెవి అత్తగారికి ఇచ్చితిని. వారము లోపలనే ఆ ప్రయోగము విఫలమైనది. మామగారు తెల్లవారుజామున పొలమునకు పోవుచు మందు తీసి, తిరిగి వచ్చి పెట్టె పక్కనే పెట్టిరి. నేను అడుగగా, “అమ్మాయీ, నాలుగింటికి మీ అత్తను లేపి తాళం అడగమంటావా?” అనిరి. తప్పు ఆయనది కాదు, పెట్టె ఉంచిన చోటుది. పెట్టెను పొలములోని మోటారు కొట్టమునకు మార్చితిమి. మోటారు స్టార్టరు పెట్టె చెవి ఉన్న గుత్తికే దీని చెవిని కూడ తగిలించితిమి. మోటారు వేయనిదే ఆయనకు దినము గడువదు కనుక చెవి ఎప్పుడును చేతిలోనే ఉండును. అప్పటినుండి ఒక్క సీసా కూడ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు.

కావున వస్తువు మంచిదైన చాలదు. అది వాడువారి చేతి అలవాటుకు ఒదుగవలెను. ఒదుగనిచో మనిషిని నిందింపక చోటు మార్చి చూడవలెను.

ప్రతి ఇంట చేయవలసినవి

ఈ పత్రిక చదివిన దినముననే ఇంటిలో మెట్ల క్రింద, అటకపై, గొడ్ల పాకలో వెదకుడు. పురుగు మందులను, కలుపు మందులను వాటి సొంత డబ్బాలలోనే, లేబులు చెడకుండ, తాళము వేసి ఉంచవలెను. నీళ్ల సీసాలలో, పానీయపు సీసాలలో ఎన్నడును పోయరాదు. ఖాళీ డబ్బాలను ఇంటి పనికి వాడరాదు.

లేబులుపైనున్న త్రికోణపు రంగును ఇంటిల్లిపాదికి నేర్పవలెను. ఎరుపు అత్యంత విషపూరితము, పసుపు మిక్కిలి విషపూరితము, నీలము మధ్యరకము, ఆకుపచ్చ కొద్దిపాటి విషము. ఆకుపచ్చ అనగా నిరపాయమని కాదు.

పొరపాటున ఎవరైన మందు మ్రింగినచో వాంతి చేయించుటకు ప్రయత్నింపక, వెంటనే 108కి ఫోను చేసి, మందు డబ్బాను లేబులుతో సహా ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇక కొత్త వస్తువు కొనదలచినప్పుడు కొద్దిగా కొని, పాతదానిని పక్కన పెట్టి, లెక్క వ్రాసి చూడుడు. పొలములో వంగడము తప్పినచో ఒక పంట పోవును, మరుసటి ఏడు తిరిగి విత్తుకొనవచ్చును. ఇంటిలో ఒక సీసా తప్పుచోట ఉన్నచో జరుగు నష్టమునకు మరుసటి ఏడు లేదు.